సులై పద్దు పుస్తకం

గల్ఫ్ వలసల గురించి మన భాషలో వచ్చిన వ్యాసాలు చాలావరకు ఒకే చోట మొదలవుతాయి. 1973లో చమురు ధర పెరగడం, ఎడారి దేశాల్లో రోడ్లు, రేవులు, ఆస్పత్రులు లేవడం, వాటికి కూలీలు కావలసి రావడం. అక్కడి నుంచి మనియార్డర్లు, డ్రాఫ్టులు, డాబా ఇళ్ల లెక్కల్లోకి వెళ్తాయి. ఆ లెక్కలన్నీ నిజమే. కాని ఆ డబ్బు సంపాదించినవాళ్లు ఎవరి పక్కన పడుకున్నారు, ఎవరితో కలిసి తిన్నారు, ఇంటి నుంచి చావు కబురు వస్తే ఎవరిని పట్టుకుని ఏడ్చారు అన్నది వాటిలో దొరకదు. దానికి వేరే కాగితాలు చూడాలి. నా దగ్గర అలాంటివి కొన్ని ఉన్నాయి. రియాద్ శివారు సులైలో ఎనిమిది మంది ఉన్న ఒక గది తాలూకు జమాఖర్చు పుస్తకాలు, 1993 నుంచి 2007 దాకా. నేనక్కడ ఒక గోదాములో స్టోర్ కీపరుగా పనిచేశాను. లెక్కలు రాసే ఉద్యోగం కదా అని గది లెక్క కూడా నా చేతిలోనే పెట్టారు.

సులై అంటే మన ఊళ్లలో ఎవరికీ తెలియదు. కరీంనగర్ పల్లెల్లో సౌదీ అయినా, మస్కట్ అయినా, బహ్రెయిన్ అయినా ‘దుబాయి’ అనే అంటారు. దుబాయి ముఖం చూడనివాళ్లు కూడా ‘దుబాయి నుంచి వచ్చినోడు’ అనిపించుకుంటారు. రియాద్ నగరానికి తూర్పు, దక్షిణ దిక్కులు కలిసేవైపు ఉంటుంది సులై. దమ్మాం రేవు నుంచి రియాద్‌కి 1951లో రైలు మార్గం పడింది. 1980ల మొదట్లో రేవు సరుకు నేరుగా రాజధానికి వచ్చి దిగేలా డ్రై పోర్టు వచ్చింది. నగరం ఆ పక్కన సరుకు దించుకోవడం మొదలుపెట్టాక ఆ చుట్టుపట్ల గోదాములు, లారీ షెడ్లు, వెల్డింగు దుకాణాలు, మెకానిక్ వర్క్‌షాపులు పుట్టుకొచ్చాయి. వాటి వెనకా, వాటి మీదా కూలీల గదులు. 1950లలో లక్షకు కాస్త అటూ ఇటూగా జనం ఉన్న రియాద్, 2022 జనాభా లెక్కల నాటికి 70 లక్షల నగరం అయింది. ఆ పెరుగుదలకు కావలసిన సిమెంటూ ఇనుమూ పైపులూ ఎవరో ఒకరు దించి, ఎక్కించి, లెక్క రాయాలి గదా. ఆ ఎవరో ఒకరిలో మేమూ ఉన్నాం.

మా గదిలో ఎవరినీ పేరుతో పిలిచేవాళ్లం కాదు. సిరిసిల్ల, కోరుట్ల, కామారెడ్డి, రాయచోటి, రాజోలు. పుస్తకంలోనూ అవే పేర్లు. నేను జగిత్యాల. పేర్లయితే ఒకే పేరు ఇద్దరికి ఉండొచ్చు, ఊరు మాత్రం ఒక్కరిదే అని మా లెక్క. మెట్‌పల్లి నుంచి ఇద్దరు వచ్చినప్పుడు పెద్ద మెట్‌పల్లి, చిన్న మెట్‌పల్లి అయ్యారు. వాళ్లతో కలిపి ఎనిమిది మందిమి, రెండంతస్తుల ఇనుప మంచాలు నాలుగు.

ఇన్ని ఊళ్లు ఆ ఒక్క గదిలోకి ఎలా వచ్చి చేరాయి అన్నది చరిత్రే. ఉత్తర తెలంగాణ వాళ్లకి ఊరు విడవడం చమురుతో మొదలుకాలేదు. 1900 ప్రాంతంలో నిజాం కాలంలో హైదరాబాద్ నుంచి నిజామాబాద్ మీదుగా మన్మాడ్‌కి మీటర్‌గేజి రైలు మార్గం పడింది. మన్మాడ్‌లో బండి మారితే బొంబాయి. ఆ రైలుకు చాలా ముందే బొంబాయి చేరిన తెలుగు కూలీలను అక్కడ కామాఠీలు అన్నారు, కామాఠీపురా పేరు వాళ్ల వల్ల వచ్చిందే. నేతపని వాళ్లు భివండికీ షోలాపూర్‌కీ పోయారు. 1970లలో గల్ఫ్‌కి మనుషులను పంపే ఏజెంట్లు బొంబాయిలో దుకాణం తెరిచేసరికి, బొంబాయి దారి తెలిసినవాళ్లు కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల్లో ఇంటికొకరు ఉన్నారు. సిరిసిల్ల తండ్రి భివండిలో మగ్గం నడిపాడు, కొడుకు అదే దారిన ఇంకో అడుగు ముందుకు వేశాడు, అంతే.

రాయచోటిది వేరే దారి. కడప జిల్లా నుంచి ఎక్కువ మంది కువైట్‌కి పోయేవాళ్లు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు మావాడు అక్కడే ఉన్నాడు. లక్షా డెబ్భై వేలకు పైగా భారతీయులను ఎయిర్ ఇండియా అమ్మాన్ మీదుగా తరలించిందని పుస్తకాల్లో రాస్తారు. ఆ లక్షల్లో ఒకడిగా, ఒంటి మీది బట్టలతో బొంబాయిలో దిగాడు. అప్పు అలాగే ఉంది. కువైట్‌కి మళ్లీ పోవడానికి భయపడి సౌదీ వీసా కొనుక్కున్నాడు. రాజోలు మొదట కోనసీమ నుంచి మస్కట్ వెళ్లి, తర్వాత రియాద్ వచ్చిన తాపీ మేస్త్రీ.

ఊళ్లు వేరైనా అందరినీ తెచ్చి పడేసింది ఒక్కటే, అప్పు. మేం ‘మిత్తి’ అనేవాళ్లం, రాయచోటి, రాజోలు ‘వడ్డీ’ అనేవాళ్లు, బరువులో తేడా లేదు. కోరుట్ల లెక్క నాకు బాగా గుర్తు, ఎందుకంటే నేనే వేసి చూపించాను. వీసాకి 50 వేలు తెచ్చాడు, నూటికి నెలకు మూడు రూపాయల మిత్తి. అంటే నెలకు 1500 మిత్తికే పోవాలి. 1994లో రియాల్ ఎనిమిది రూపాయల చిల్లర. అతని జీతం 600 రియాల్‌లు. అందులో 180 దాకా మిత్తి కిందే కొట్టుకుపోయేది, అసలు అలాగే కూర్చునేది. “మిత్తి కట్టెటందుకే సౌదీ అచ్చినట్టున్నదన్నా” అనేవాడు నవ్వుతూ. 1983 వలస చట్టం వచ్చింది, పెద్దగా చదువుకోనివాళ్ల పాస్‌పోర్టు మీద ఎమిగ్రేషన్ చెక్ ముద్ర వేసి, వాళ్ల ఒప్పందాలు చూసే అధికారినీ పెట్టింది. ఆ చట్టం ఒప్పందంలో జీతం ఎంత రాసి ఉందో చూసింది గాని, వీసాకి ఎంత అప్పు చేశావని అడగలేదు.

అందుకని మా గది మొదట స్థాపించుకున్నది చీటీ. మనిషికి నెలకు 200 రియాల్‌లు, ఎనిమిది మంది, 1600. అప్పటి మారకంలో పదమూడు వేల పైచిలుకు. ఊళ్లో చీటీకి పాట ఉంటుంది, అవసరం ఉన్నవాడు ఎక్కువ తగ్గించుకుని పాడతాడు, ఆ నష్టం మిగిలినవాళ్లకి లాభం. మా గదిలో పాట లేదు. నెల మొదటి శుక్రవారం అన్నాలయ్యాక కూర్చుని ఎవరి అవసరం ఎంతో చెప్పేవాళ్లం. బిడ్డ పెళ్లి కంటే మిత్తి పెరగడం ముందా, ఇంటి పైకప్పు ముందా, తండ్రి కంటి ఆపరేషన్ ముందా? గంటసేపు వాదనలు నడిచేవి. ఒకసారి రాజోలు, “మనం ఎనిమిది మందిమి కూర్చుని చేసేది పంచాయతీ కాదండీ, ఎవరి కష్టం పెద్దదో తూకం వేయడం” అన్నాడు. ఎవరి ఇంటి సంగతులు వాళ్లు అలా విప్పి చెప్పుకుంటేనే చీటీ నడుస్తుంది. ఒకరి ఇల్లు ఒకరికి తెలియడం అక్కడ మొదలయింది. సిరిసిల్ల చెల్లెలి అత్తగారు ఎలాంటిదో రాయచోటికి తెలుసు. ఆమె ముఖం అతను ఎన్నడూ చూడలేదు.

పుస్తకంలో చీటీ ఒక వైపు, మెస్సు ఒక వైపు. బియ్యం, పప్పు, నూనె, బఖాలాలో రియాల్‌కి దొరికే ఖుబూస్ కట్ట, శుక్రవారం మాంసం. వెనక పేజీల్లో మూడో పద్దు ఒకటి, దానికి పేరు లేదు. అందులో సంతోషాలు, దుఃఖాలు రాశాం. దానికి మేం పెట్టుకున్న నియమం ఒకటే. సంతోషానికి ఖర్చు సంతోషపడ్డవాడిది, దుఃఖానికి ఖర్చు మిగిలినవాళ్లది. కొడుకు పుట్టాడని కబురు వస్తే వాడు గదికి మిఠాయి తేవాలి. తండ్రి పోయాడని వస్తే మిగిలిన ఏడుగురు తలా 50 వెయ్యాలి. ‘కామారెడ్డి, తమ్ముని పెండ్లి, మిఠాయి 30’ అని ఒక వరుస. దాని కిందే ‘చిన్న మెట్‌పల్లి, తల్లి, 350’. మరణం అన్న మాట ఎక్కడా రాయలేదు. సంఖ్య చూస్తే తెలుస్తుంది.

సంతోషాలు తక్కువేం కాదు. సెలవుకు వెళ్లొచ్చినవాడి పెట్టె గది మొత్తానిది. మామిడి తొక్కు, ఎండు గోంగూర, రాయచోటి నుంచి వేరుశనగ పప్పుల పొడి, రాజోలు నుంచి చేత్తో రాసిన చీటీ అంటించిన ఆవకాయ. టూ ఇన్ వన్‌లో కేసెట్టు పెట్టి ఇంటివాళ్లు రికార్డు చేసి పంపిన మాటలు వినేవాళ్లం. ఉత్తరమైతే చదివి మడిచేసుకోవచ్చు, కేసెట్టు గదిలో పెడితే అందరూ వినాల్సిందే. ఒకడి కూతురు పద్యం అప్పచెబితే ఎనిమిది మంది తండ్రులు విన్నారు. 1995లో ఈటీవీ వచ్చాక పక్క బిల్డింగులో డిష్ పెట్టిన మలయాళీల గదికి ఆదివారం పని ముగించుకుని పోయేవాళ్లం, వాళ్లు సీరియల్ అర్థం చెప్పమంటే చెప్పేవాళ్లం.

శుక్రవారం మినీ బస్సెక్కి బత్హా వెళ్లడం ఒక జాతర. అక్కడి సందుల్లో ఒక్కో ప్రాంతానికి ఒక్కో మూల. ఉత్తరాలు, సామాన్లు, కబుర్లు అన్నీ ఆ మూలల్లో చేతులు మారేవి. ఎవరు ఖఫీల్ దగ్గర్నుంచి పారిపోయి ఖల్లివెల్లి అయ్యారో, ఎవరికి అకామా దొరికిందో, ఏ ఊళ్లో వానలు పడ్డాయో అక్కడే తెలిసేది.

అక్కడ మన పండుగలు బయట చేసుకునే వీలు లేదు, ఏం చేసినా తలుపు లోపలే. దసరా సాయంత్రం ఒకరికొకరం జమ్మి ఆకు ‘బంగారం’ అని చేతిలో పెట్టి అలయ్ బలయ్ తీసుకోవాలి గదా. రోడ్డు పక్కన నాటిన ముళ్లచెట్టు ఆకు జమ్మిలాగే ఉందని సిరిసిల్ల తెంపుకొచ్చాడు. అది జమ్మి అవునో కాదో అప్పుడు మాకు తెలియదు, ఎవరూ అడగలేదు. అరబ్బులు గాఫ్ అనే చెట్టు నిజంగా మన జమ్మి చెట్టేనని తర్వాతెప్పుడో చదివాను. ఎమిరేట్స్‌కి అది జాతీయ వృక్షం, తెలంగాణకి రాష్ట్ర వృక్షం. మన పండుగ చెట్టు ఆ ఇసుక నేలల్లో మనకంటే ముందు నుంచీ ఉందన్నమాట. రాయచోటి ముస్లిం. రంజాన్‌లో గది మొత్తం అతని కోసం సహరీకి లేచి వంట చేసేది, దసరాకి అందరికంటే ముందు బంగారం చేతిలో పెట్టేది అతనే.

ఇక దుఃఖం. ఆ రోజుల్లో దేశం దాటాలంటే యజమాని సంతకంతో ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా కావాలి. పాస్‌పోర్టు యజమాని అల్మారాలో ఉంటుంది. తల్లి పోయిన కబురు ఎస్‌టీడీ బూత్ నుంచి వచ్చేసరికి అక్కడ దహనం అయిపోయి ఉండేది. చిన్న మెట్‌పల్లికి అలాగే జరిగింది. రాత్రి షిఫ్టు నుంచి వచ్చాక చెప్పాం. పదో రోజున రాజోలు అతనికి స్నానాల గదిలో తల గొరిగాడు. మేమందరం వరసగా నిలబడి నీళ్లు పోశాం. పొద్దున ఐదింటికి అతను డ్యూటీకి వెళ్లాడు.

కోరుట్ల 2001లో చనిపోయాడు. ముప్పై ఎనిమిదేళ్లు. రాత్రి అందరితో పాటు తిని పడుకున్నవాడు పొద్దున లేవలేదు. ఒక మనిషి శవాన్ని సౌదీ నుంచి ఇంటికి చేర్చడం ఎలాగో ఆ ఇరవై ఆరు రోజుల్లో నేర్చుకున్నాం. ఆస్పత్రి రిపోర్టు, పోలీసు కాగితం, భార్య వేలిముద్ర వేసి ఊరి నుంచి పంపాల్సిన అంగీకార పత్రం, రాయబార కార్యాలయం నిరభ్యంతర పత్రం, పాస్‌పోర్టు రద్దు, సౌదీ మరణ ధ్రువపత్రం, శవం చెడకుండా మందులెక్కించడం, చివరికి కార్గో బుకింగ్. ఒక కాగితం లేకపోతే తర్వాతిది కదలదు. సెలవు దొరికినవాడు దొరికినట్టు ఒక్కో ఆఫీసుకు తిరిగాం. పక్క గదులవాళ్లు, బత్హాలో ముఖం తెలియనివాళ్లు కూడా చందా వేశారు. మలయాళీల గది నుంచి 200 వచ్చినట్టు పుస్తకంలో ఉంది. పెట్టె బేగంపేటలో దిగింది. కోరుట్లలో దహనం అయిన రోజు మా గదిలో పొయ్యి వెలగలేదు.

కోరుట్ల అప్పటికే చీటీ ఎత్తాడు. ఇంకా నాలుగు వాయిదాలు, 800 రియాల్‌లు బాకీ. ఆ నెల శుక్రవారం ఎవరూ ఆ మాట ఎత్తలేదు. నేను పుస్తకం తెరిచి కూర్చున్నాను. పెద్ద మెట్‌పల్లి నా చేతిలో పెన్ను తీసుకుని నాలుగు గళ్లలోనూ ‘వసూలు’ అని రాసి ఇచ్చేశాడు. ఆ నాలుగు నెలలూ అతని వాటా మేం ఏడుగురం పంచుకున్నాం.

తర్వాతి సంవత్సరం సెలవుకు వెళ్లినప్పుడు కోరుట్ల వాళ్లింటికి వెళ్లాను. వదిన బీడీలు చుడుతోంది. డబ్బు సంగతి అడగలేదు. “ఆయిన లెక్క మీరే రాసేటోళ్లట గదా అన్నా, ఆ బుక్కు తెచ్చిన్రా?” అంది. తెచ్చాను. “ఆయినయి మాత్రం సదువున్రి” అంది. చదివాను. చీటీ, బియ్యం, సబ్బు, ఫోను కార్డు. శుక్రవారాల దగ్గరికి వచ్చేసరికి ఆగాల్సి వచ్చింది. మెస్సులో మాంసం వాటా వద్దనుకున్నవాడికి ఐదు రియాల్‌లు తగ్గించేవాళ్లం. కోరుట్ల పేరు ఎదురుగా చాలా శుక్రవారాలు ఆ గడి ఖాళీ. ఉత్తరాల్లో మాత్రం ప్రతి శుక్రవారం మాంసం తింటున్నానని రాసేవాడట. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఇంకా సదువున్రి” అంది. ఆఖరి పేజీ దాకా విన్నది.

చరిత్ర పుస్తకాల్లో ఆ ఖాళీ గళ్లు ఉండవని నాకు ఆ రోజు తట్టింది. ఇంటికి వచ్చిన డబ్బు లెక్కకు రసీదులున్నాయి. ఆ డబ్బు మిగల్చడానికి వదులుకున్నదాని లెక్క ఇలాంటి పుస్తకాల్లోనే ఉంది.

గదులు తర్వాత చెదిరిపోయాయి. 2011లో సౌదీ ప్రభుత్వం నితాఖాత్ తెచ్చింది, ప్రైవేటు సంస్థలు స్థానికులకు ఇంత వాటా ఉద్యోగాలు ఇవ్వాలని. 2013లో కాగితాలు సరిగా లేనివాళ్లకు నవంబరు మొదటివారం దాకా గడువిచ్చింది. లక్షకు పైగా భారతీయులు ఆ వెసులుబాటును వాడుకున్నారు. అప్పటికి ఖల్లివెల్లిగా మారిన సిరిసిల్ల, అవుట్‌పాస్ మీద, చేతిసంచీతో ఇల్లు చేరాడు. 2014 జూన్ 2 తర్వాత మా గది రెండు రాష్ట్రాల్లో పడింది. అంతకుముందు ఐదారేళ్లు ఉద్యమం మీద ఫోనులో సిరిసిల్లా, రాజోలూ తిట్టుకోని వారం లేదు. అయినా 2015లో సిరిసిల్ల బిడ్డ పెళ్లికి రాజోలు రెండు రోజుల ముందే వచ్చి పందిరి దగ్గర నిలబడ్డాడు. రాయచోటి రైలూ బస్సూ మారి వచ్చాడు. పెళ్లికూతురికి వాళ్లిద్దరూ కొత్తవాళ్లు కాదు. చిన్నప్పుడు ఆమె పద్యం విన్న తండ్రుల్లో వాళ్లూ ఉన్నారు.

కొన్ని సంగతులు మెరుగుపడ్డాయి. 2021 మార్చి నుంచి అక్కడి చాలామంది ప్రైవేటు ఉద్యోగులు ఎగ్జిట్ రీ-ఎంట్రీకి తామే దరఖాస్తు చేసుకోవచ్చు, ఇళ్లలో పనిచేసేవాళ్లు, డ్రైవర్లు మాత్రం ఆ వరుసలోకి రాలేదు. 2003లో మొదలైన ప్రవాసీ భారతీయ బీమా 2017 నుంచి ప్రమాద మరణానికి 10 లక్షలు ఇస్తుంది. నిద్రలో పోయిన మా కోరుట్ల మరణం లాంటివి దాని కిందికి రావు. 2024లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల ఎక్స్‌గ్రేషియాకు ఉత్తర్వు ఇచ్చింది. పాతికేళ్ల క్రితం పోయినవాళ్లకు అది వర్తించదు. 2020లో విమానాలు ఆగిపోయిన నెలల్లో పోయినవాళ్లలో ఎందరినో అక్కడి మట్టిలోనే పెట్టారు, గదివాళ్లకు ఆఖరి చూపు కూడా లేదు.

ఇప్పుడు తల్లి పోతే ఫోనులో దహనం చూస్తున్నారు. కబురు ఆలస్యం కాదు. కాని ఇప్పుడు అక్కడ ఉన్న కుర్రాళ్లతో మాట్లాడితే, గదిలో ఎనిమిది మంది ఎనిమిది ఫోన్లలో ఎవరి ఊళ్లో వాళ్లు ఉంటున్నారని తెలుస్తోంది. చీటీ యాప్‌లోకి పోయింది, మెస్సు లెక్క కూడా. లెక్క పక్కాగా ఉంటుంది గాని అవసరం ఎవరిది పెద్దదో కూర్చుని తూకం వేసే శుక్రవారం లేదు. కష్టం వస్తే ఇప్పటికీ చందాలు వేస్తున్నారు, ఆ ఒక్క అలవాటు పోలేదు.

మాలో మిగిలింది ఆరుగురం. పింఛను ఎవరికీ లేదు, మోకాళ్ల నొప్పులు అందరికీ ఉన్నాయి. మా పిల్లలకు ఆ ఏళ్లు ఇంటికి వచ్చిన టేపురికార్డరుగా, కంబళిగా, తండ్రి లేని పండుగలుగా గుర్తు. మీ ఇళ్లలో కూడా ఇనప్పెట్టెల అడుగున, అటకల మీద ఇలాంటి పుస్తకాలూ కేసెట్లూ ఉండి ఉంటాయి. కరీంనగర్‌లో, నిజామాబాద్‌లో, కడపలో, కోనసీమలో ఉండి ఉంటాయి. చెదలు పట్టాయనో, అక్షరాలు మాసిపోయాయనో పాత కాగితాలవాడికి వెయ్యకండి. ముందు ఒకసారి ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి, ఆ పద్దులు పైకి చదివించండి. ఏ గడి ఎందుకు ఖాళీగా ఉందో వాళ్లున్నప్పుడే అడగండి.